తుపాకికి గడువు పెట్టారు, మా అర్జీలకూ పెట్టండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముఖ్యమంత్రి గార్లకు, రెండు రాష్ట్రాల గిరిజన సంక్షేమ, అటవీ, రెవెన్యూ, హోం శాఖల ఉన్నతాధికారులకు, ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు ఆఫీసర్లకు,

నమస్కారం.

నేను గోదావరి మన్యంలో సంత రోజున చెట్టు కింద కూర్చుని అర్జీలు రాసిపెట్టే రిటైర్డ్ టీచర్ని. పోడు (అడవి నేలలో చేసుకునే సాగు) పట్టా, రేషన్ కార్డు, పింఛను, ముంపు పరిహారం, ఆధార్‌లో తప్పుపడిన పుట్టిన తేదీ, ఏదైనా రాస్తాను. ఆ కాగితాలు సోమవారం గ్రీవెన్స్‌కి వెళ్తాయి. అక్కడ రసీదు ఇస్తారు. కొన్నాళ్లకు ఫోన్‌లో మెసేజ్ వస్తుంది, మీ అర్జీ పరిష్కరించబడినది అని. సిగ్నల్ కోసం గుట్టెక్కి, చదువొచ్చిన పిల్లాడి చేత అది చదివించుకున్నవాళ్లు మళ్లీ సంతకి వచ్చి "ఏం పరిష్కరించారు సారూ?" అని నన్నే అడుగుతారు. ఆఫీసుకెళ్లి అడిగాను. సంబంధిత శాఖకు పంపేశాం, మా దగ్గర క్లోజ్ అయిపోయింది అన్నారు. ఆ శాఖవాళ్లు పై ఆఫీసును చూపించారు. పై ఆఫీసుకు రాస్తే ఇప్పటికీ జవాబు లేదు. అందుకే ఇప్పుడు నలుగురూ చదివేలా రాస్తున్నాను.

కేంద్ర హోం మంత్రి అమిత్ షా గారు 2024 ఆగస్టులో రాయపూర్‌లో ఒక తేదీ చెప్పారు. 2026 మార్చి 31 కల్లా దేశంలో మావోయిస్టు సమస్య లేకుండా చేస్తామన్నారు. ఆ తేదీ పెట్టుకున్నాక యంత్రాంగం ఎలా పరుగు తీసిందో మేం చూశాం. 2025 మే 21న ఛత్తీస్‌గఢ్‌లోని నారాయణపూర్ అడవుల్లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు చనిపోయారు. ఆయనది శ్రీకాకుళం జిల్లా జియ్యన్నపేట. అదే ఏడాది అక్టోబర్‌లో ఆ పార్టీ నాయకులు, పెద్దపల్లికి చెందిన మల్లోజుల వేణుగోపాల్ గడ్చిరోలిలోనూ, ములుగు జిల్లా తక్కళ్లపల్లి వాసుదేవరావు జగదల్‌పూర్‌లోనూ తమ వెంట ఉన్నవాళ్లందరితో కలిసి ఆయుధాలు అప్పగించారు. నవంబర్ 18న మా పక్కనే మారేడుమిల్లి అడవుల్లో మావోయిస్టు నాయకుడు మడావి హిడ్మా ఎదురుకాల్పుల్లో చనిపోయాడని పోలీసులు ప్రకటించారు.

గడువు పెడితే పని ఇలా జరుగుతుంది. నిధులు వస్తాయి, బలగాలు వస్తాయి, రోజూ సమీక్ష జరుగుతుంది, ఎక్కడ ఆగితే ఎవరు జవాబు చెప్పాలో అందరికీ తెలుస్తుంది. మరి పార్లమెంటు 2006లో చేసిన అటవీ హక్కుల చట్టానికి అలాంటి తేదీ ఎందుకు లేదు? షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిస్తూ 1996లో వచ్చిన పెసా చట్టానికి మన ఉమ్మడి రాష్ట్రం నియమాలు రాసుకోవడానికే 2011 దాకా పట్టింది. నా ప్రశ్న అదొక్కటే. మిగతాదంతా దాని వివరమే.

అన్నల మీద, అంటే మావోయిస్టుల మీద, జాలితో రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. ఇన్‌ఫార్మర్ అని ముద్రవేసి రాత్రిపూట ఇంట్లోంచి తీసుకెళ్లి, తెల్లారేసరికి రోడ్డు మీద శవాన్నీ పక్కన ఒక చీటీనీ వదిలిపోయిన సంగతులు మన్యంలో ఎవర్నడిగినా చెబుతారు. అలా పోయినవాళ్లలో ఎక్కువమంది ఆదివాసీలే. రోడ్డు వేసే ప్రొక్లెయిన్లు తగలబెట్టారు. బడి బిల్డింగులు పేల్చారు. 2018 సెప్టెంబర్ 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను పట్టపగలు కాల్చి చంపారు. ఇద్దరూ గిరిజనులే. గిరిజనుల కోసమని చెప్పుకుంటూ గిరిజనుల్నే చంపే ఆ న్యాయం నాకు ఏనాడూ బోధపడలేదు.

పేదరికం వల్లే తీవ్రవాదం వస్తుందని మీటింగుల్లో తేలిగ్గా అనేస్తుంటారు. అది సగం నిజం. ఆకలి ఒక్కటే తుపాకి పట్టించేదైతే ఈ దేశంలో సగం ఊళ్లు ఎప్పుడో అడవిబాట పట్టేవి. కేశవరావు వరంగల్ ఆర్ఈసీలో ఇంజినీరింగ్ చదివినవాడు. ఆ పార్టీ పైకమిటీల్లో చదువుకున్నవాళ్లకు ఏనాడూ కొదవ లేదు. వాళ్ల వెనక నడిచిన కోయ, గోండు, కోందు పిల్లల సంగతి వేరు. వాళ్లు ఆకలికి అలవాటుపడ్డవాళ్లే. తట్టుకోలేకపోయింది ఫారెస్టు గార్డు పోడులో మొలిచిన చేను పీకించడం, మామూలు అడగడం, పోతూపోతూ గంపకింద కోడిని పట్టుకుపోవడం, స్టేషన్‌కి వెళ్లి చెప్పుకుంటే ఆ గార్డునే కుర్చీలో కూర్చోబెట్టి వీళ్లను నేలమీద కూర్చోబెట్టడం. లేమికి దిక్కులేనితనం తోడైనప్పుడే బయటినుంచి వచ్చినవాడి మాట చెవికెక్కుతుంది. 1980ల్లో ఆదిలాబాద్, గడ్చిరోలి, బస్తర్ అడవుల్లో నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్ దళాలకు ఊళ్లలో కాలు మోపే చోటు దొరికింది సిద్ధాంతం చెప్పినందుకు కాదు. తునికాకు కట్టకు కాంట్రాక్టర్ ఇచ్చే పైసలు పెంచినందుకు. కూలి రేటు చూడాల్సింది నిజానికి ప్రభుత్వపు లేబర్ ఆఫీసర్.

మన పాలనలో ఇంకో చెడ్డ అలవాటుంది. కాగితానికి కదలని ప్రభుత్వం తుపాకి మోగాక కదులుతుంది. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా 1917లోనే చట్టం ఉంది, 1959లో మళ్లీ రెగ్యులేషన్ వచ్చింది. అమలు మాత్రం లేదు. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్ సభకు వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. నిందితుల్ని కోర్టు వదిలేసింది. శ్రీకాకుళం కొండలు ఆయుధాల దారి పట్టింది ఆ తర్వాతే. 1970లో ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా ఆపే 1/70 చట్టం వచ్చింది. అంతకుముందు ఆదిలాబాద్‌లోనూ ఇదే వరస. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం చనిపోయాకే నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను పిలిపించి గోండుల గోడు ఏమిటో తెలుసుకుంది, ఆ తర్వాతే పట్టాలిచ్చింది. ఇంకా వెనక్కి పోతే 1922. చింతపల్లి రోడ్డు పనికి కూలి ఎగ్గొట్టి మన్యం జనంతో చాకిరీ చేయించిన గూడెం డిప్యూటీ తహసీల్దార్ బాస్టియన్ పేరు అల్లూరి కథ తెలిసినవాళ్లందరికీ తెలుసు. ఆ బాస్టియన్ మీద వెళ్లిన ఫిర్యాదుల్ని ఎవరైనా సకాలంలో విని ఉంటే ఏమయ్యేదో చరిత్రకారులు చెప్పాలి. ఇవన్నీ చూసిన కొండల్లో జనం ఏం నేర్చుకుంటారో మాత్రం నేను చెప్పగలను.

ఇక ఇప్పటి సంగతులు వరసగా చెబుతాను.

1. పోడు పట్టాలు. అన్నింటికీ మూలం ఇదే. 2005 డిసెంబర్ 13కి ముందునుంచి అటవీ భూమి సాగుచేసుకుంటున్న గిరిజన కుటుంబానికి 4 హెక్టార్ల దాకా హక్కు ఇవ్వాలని చట్టం చెబుతోంది. పని మొదలవ్వాల్సింది గ్రామసభలో. అర్జీ తిరస్కరిస్తే ఎందుకో రాసి అర్జీదారుకు తెలపాలి. 60 రోజుల్లో పై కమిటీకి వెళ్లొచ్చు.

ఒక సంతలో ఒక కోయ ఆడమనిషి నా ముందు కూర్చుని పాలిథిన్ కవర్ విప్పింది. ఆధార్, రేషన్ కార్డు జిరాక్సు, పాత ఓటరు కార్డు, అన్నింటికిందా నాలుగు మడతలు పెట్టిన జాబితా. అందులో ఆమె భర్త పేరుకు ఎదురుగా చివరి గడిలో రిజెక్టెడ్ అని ఇంగ్లిష్‌లో ఉంది. కారణం రాయాల్సిన గడి ఖాళీ. సంతకం ఉంది, తేదీ లేదు. తేదీ లేకపోతే 60 రోజులు ఎక్కణ్నుంచి లెక్కపెట్టుకోవాలి? అయితే ఆమెకు ఆ గొడవ అక్కర్లేదు. "చేను దున్నమంటావా, వద్దంటావా సారూ? విత్తనాలు తెచ్చేసినం" అని అడిగింది. దున్నమని చెబితే కేసు పడొచ్చు. వద్దంటే ఆ ఏడాది తిండిగింజలుండవు. ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు, మీ దగ్గర ఉంది.

తెలంగాణ ప్రభుత్వం 2023 జూన్‌లో లక్షన్నర మందికి పైగా పోడు రైతులకు 4 లక్షల ఎకరాలకు మించి పట్టాలిచ్చింది. మంచిపని, మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. చట్టం వచ్చిన పదిహేడేళ్లకు, ఎన్నికల ఏడాదిలో ఇచ్చిందన్నది కూడా జనం గమనించారు. ఊరుమ్మడి హక్కుల సంగతి రెండు రాష్ట్రాల్లోనూ దాదాపు ఎత్తనే లేదు. వెదురు, తునికాకు, ఇప్పపువ్వు మీద గ్రామసభకు హక్కు రాసిస్తే కాంట్రాక్టర్‌కు పని తగ్గుతుంది, రేట్లు పెంచుతామని ఊళ్లోకి వచ్చేవాడికి అసలు పనే ఉండదు. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు తిరస్కరణకు గురైనవాళ్లను ఖాళీ చేయించమన్నది. నెలాఖరుకు ఆ ఉత్తర్వును నిలిపేసింది. ఆ రెండు వారాలు మన్యంలో ఎవరికీ కంటిమీద కునుకు లేదు. తిరస్కరణలు ఎలా జరిగాయో చెప్పమని కోర్టే రాష్ట్రాల్ని అడిగింది. తేదీ లేని ఆ జాబితాల్ని మళ్లీ తెరిచారా?

2. బలిమెల. ఇది ఒడిశా సంగతి కదా అని పక్కన పెట్టొద్దు. సీలేరు మీద ఉమ్మడిగా కట్టుకున్న ఆ జలాశయం నీళ్లలో సగం మన వాటా. డొంకరాయి, మోతుగూడెం పవర్‌హౌసులు తిరిగేది ఆ నీళ్లతోనే. ఆ నీళ్లు నిండినప్పుడు మల్కనగిరి జిల్లాలో 151 ఊళ్లు బయటి లోకానికి తెగిపోయాయి. ఆ చోటుకు కటాఫ్ ఏరియా అనే పేరు స్థిరపడింది. సంతకు లాంచీ, ఆస్పత్రికి లాంచీ, లాంచీ రాని రోజున ఏదీ లేదు. వాళ్ల ఊళ్లు ముంచిన నీళ్లతో విశాఖలో, హైదరాబాద్‌లో ఫ్యాన్లు తిరిగాయి. వాళ్ల ఇళ్లలో మాత్రం దశాబ్దాలపాటు కిరసనాయిలు బుడ్లే. వంతెన కావాలని అడుగుతూ ఒక తరం ముసలిదైపోయింది.

వంతెన లేని చోటు ఎవరికి పనికొస్తుంది? ఆంధ్ర ఒడిశా సరిహద్దులోని మావోయిస్టు దళాలకు అది కోట అయింది. 2008 జూన్ 29న అదే జలాశయంలో లాంచీలో వస్తున్న మన గ్రేహౌండ్స్ (మావోయిస్టుల్ని ఎదుర్కొనే ప్రత్యేక దళం) పోలీసుల మీద కొండపైనుంచి దాడి చేశారు. ముప్పైమందికి పైగా జలసమాధి అయ్యారు. వాళ్లలో ఎక్కువమంది తెలుగు పల్లెల నుంచి వెళ్లిన కుర్రాళ్లే. 2011 ఫిబ్రవరిలో మల్కనగిరి కలెక్టర్‌గా ఉన్న ఆర్.వినీల్ కృష్ణను, అభివృద్ధి పనులు చూడటానికి అక్కడికి వెళ్లినప్పుడే ఎత్తుకెళ్లారు. పని చేయడానికి లోపలికి వెళ్లిన అధికారినే పట్టుకోవడం ఆ పార్టీ తెలివితక్కువతనం అనుకోండి, భయం అనుకోండి. చివరికి 2018 జూలైలో గురుప్రియ వంతెన ప్రారంభించారు. పొడవు 910 మీటర్లు. ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే అక్కడ వందలమంది మిలీషియా సభ్యులు, సానుభూతిపరులు లొంగిపోయారు. కూంబింగ్ (పోలీసుల అడవి గాలింపు) పాత్ర లేదని నేననను. అయినా 910 మీటర్ల కాంక్రీటు నలభై ఏళ్లు ఆలస్యమైనందుకు ఎన్ని ఇళ్లలో ఫొటోలకు దండలు పడ్డాయో లెక్క తీయాల్సిన బాధ్యత రెండు ప్రభుత్వాలకూ ఉంది.

3. డోలీలు. కర్రకు దుప్పటి కట్టి, అందులో నెలలు నిండిన మనిషిని పడుకోబెట్టి, నలుగురు మగవాళ్లు భుజాలు మార్చుకుంటూ వాగులు దాటించడం ప్రతి వానాకాలం పేపర్లో ఫొటోగా వస్తుంది. ఫొటో వచ్చిన ఊరికి జీపు వెళ్తుంది. ఫొటో రాని ఊరికి వెళ్లదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో అడవితల్లి బాట పేరుతో వెయ్యి కోట్లకు పైగా ఖర్చుతో రోడ్లు మొదలుపెట్టింది. సంతోషం. అయితే కింది ఆఫీసుల్లో అడిగితే ఫారెస్టు క్లియరెన్స్ రాలేదనే పాత పాటే వినిపిస్తుంటుంది. రోడ్డు, బడి, దవాఖానా, అంగన్‌వాడీ లాంటి 13 రకాల పనులకు ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమిని గ్రామసభ సిఫార్సుతో ఇచ్చేయొచ్చని అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) లోనే ఉంది. ఆ సెక్షన్ కింద ఎన్ని ఊళ్లకు రోడ్డు ఇచ్చారో పంచాయతీ గోడమీద రాయించండి. సరిహద్దు అవతల సుక్మా జిల్లాలో హిడ్మా సొంతూరు పువర్తికి ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో వెళ్లింది, పోలీసు క్యాంపు రూపంలో. క్యాంపు వెనకాలే రోడ్డు, రోడ్డు వెనకాలే మిగతావి వస్తున్నాయి. డాక్టర్ ముందు రావడానికి ఏం అడ్డమొచ్చింది అని అక్కడివాళ్లు అడిగితే ఏం చెబుతాం?

4. పోలవరం. ఈ ప్రాజెక్టు కోసం 2014లో ఏడు ముంపు మండలాల్ని తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు మార్చారు. గ్రామసభల్ని ఎవరూ అడగలేదు. కాఫర్ డ్యామ్ (నది నీళ్లను మళ్లించే తాత్కాలిక కట్ట) లేచాక దేవీపట్నం మండలం ఊళ్లు పరిహారం పూర్తిగా అందకముందే నీళ్ల పాలయ్యాయి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు కూనవరం, వీఆర్ పురం, చింతూరు, ఎటపాక, వేలేరుపాడు, కుక్కునూరు జనం గుట్టలెక్కి టార్పాలిన్ల కింద తలదాచుకున్నారు. వరద వస్తే అందరూ మునుగుతాం. పరిహారం ప్యాకేజీ దగ్గర మాత్రం 41.15 మీటర్ల కాంటూరు (ఆ ఎత్తు దాకా ముంపని గీసిన గీత) లోపల ఉన్న ఇంటికి ముందు, బయట ఉన్న ఇంటికి తర్వాత. గోదారికి ఈ కాంటూరు లెక్కలు ఎవరు నేర్పాలి? చేతిలో డబ్బు పడ్డ కుర్రాళ్లు కొందరు బైకు కొని, ఆ డబ్బు అయిపోయాక కాలనీలో పని లేక తిరుగుతున్నారు. అడవి పోయి, భూమికి భూమి సరిగా రాక, చదువు సగంలో ఆగిన పద్దెనిమిదేళ్లవాడి కోపాన్ని వాడుకోవడానికి మావోయిస్టులే రానక్కర్లేదు. గంజాయి రవాణాదారులు ఇప్పటికే వస్తున్నారు.

5. గుత్తికోయలు. ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన ఆదివాసీలు వీళ్లు. 2005లో అక్కడి దంతేవాడలో సల్వాజుడుం (మావోయిస్టుల మీదికి సర్కారు అండతో నడిచిన సాయుధ దండు) మొదలయ్యాక వందల ఊళ్లు ఖాళీ అయ్యాయి. అన్నల పక్షం అని ఒకళ్లు, సర్కారు పక్షం అని ఇంకొకళ్లు చంపుతుంటే ప్రాణం అరచేత పట్టుకుని వేలమంది మన భద్రాచలం, చింతూరు, ములుగు, ఏటూరునాగారం అడవుల్లోకి వచ్చారు. నెలకు 3,000 రూపాయలిచ్చి అంతంతమాత్రం చదువున్న గిరిజన కుర్రాళ్ల చేతికి తుపాకులిచ్చిన ఆ ఎస్పీఓ (స్పెషల్ పోలీస్ ఆఫీసర్) పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న కొట్టేసింది. అప్పటికే జరగాల్సిందంతా జరిగిపోయింది.

వచ్చినవాళ్లకు ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్ లేదు, భూమి లేదు, చాలా గుంపులకు తాగునీళ్లు కూడా చెలిమలే. అడవి నరికి పోడు కొట్టారు. 2022 నవంబర్‌లో చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర ప్లాంటేషన్ గొడవలో అటవీ రేంజ్ ఆఫీసర్‌ను నరికి చంపారు. డ్యూటీ చేస్తున్న మనిషి, ఇంటికి ఆధారమైన మనిషి. ఆ హత్య వెనక ఏ పార్టీ లేదు, ఏ సిద్ధాంతమూ లేదు. పదిహేడేళ్లు ఎవరికీ పట్టని మనుషులకూ, కింది ఉద్యోగికి ఒక్కడికే అప్పజెప్పిన సమస్యకూ మధ్య జరిగింది అది. ఆ తర్వాత వాళ్లను ఛత్తీస్‌గఢ్‌కు తరిమేయాలని తీర్మానాలు వచ్చాయి. అక్కడ ఎక్కడికి వెళ్లాలి, వెళ్తే భూమి ఎవరిస్తారు అన్న మాట ఏ తీర్మానంలోనూ లేదు. రెండు తెలుగు రాష్ట్రాలూ ఛత్తీస్‌గఢ్‌తో కూర్చుని ఉండేవాళ్లెవరు, పోయేవాళ్లెవరు, వాళ్లకేం ఇస్తారు అన్నది తేల్చాలి. అది తేలేదాకా పిల్లలకు అంగన్‌వాడీ, బడి, రేషన్ ఆపొద్దు.

6. బడి. ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇస్తూ 2000లో వచ్చిన జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. నూటికి నూరు శాతం కుదరదంది, సరే. కోర్టు గీసిన గీత లోపలే ఇంకో నియమం తెస్తామని మాటిచ్చిన ప్రభుత్వాలు ఏం చేశాయి? కోయ, కోందు, సవర భాష తెలియని టీచర్‌కు ఒకటో తరగతి పిల్లలు అర్థం కారు, పిల్లలకు టీచర్ అర్థం కాడు. ముప్పై ఏళ్లు ఆ ఉద్యోగమే చేశాను, ఇంతకంటే వివరం అక్కర్లేదు.

7. పోలీసులు, కోర్టులు. 2007 ఆగస్టు 20న వాకపల్లిలో కూంబింగ్‌కు వచ్చిన పోలీసులు తమపై అత్యాచారం చేశారని పదకొండుమంది కోందు మహిళలు ఫిర్యాదు చేశారు. 2023లో కోర్టు నిందితులందరినీ వదిలేసింది. దర్యాప్తు సరిగా చేయలేదని అదే తీర్పులో తప్పుపట్టింది, బాధితులకు పరిహారం ఇవ్వమంది. పదహారేళ్ల తర్వాత. తుపాకి పట్టవద్దు, చట్టాన్ని నమ్ముకోండి అని కుర్రాళ్లకు చెప్పే నాలాంటివాళ్ల నోరు ఇలాంటి తీర్పుల రోజున పెగలదు. అన్నానికి వచ్చిన దళానికి భయపడి అన్నం పెట్టినందుకు కేసుల్లో ఇరుక్కున్నవాళ్లు ఇంకా వాయిదాలకు తిరుగుతున్నారు. బస్సు చార్జీకి మేకను అమ్ముకుని వెళ్తున్నారు.

ఇదంతా నా సొంత కవిత్వం కాదు. తీవ్రవాదం ఉన్న ప్రాంతాల సమస్యల మీద ప్రణాళికా సంఘం 2006లో డి.బందోపాధ్యాయ అధ్యక్షతన నిపుణుల బృందాన్ని వేసింది. అందులో రిటైర్డ్ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్.శంకరన్, పౌరహక్కుల నాయకుడు కె.బాలగోపాల్ ఉన్నారు. పోలీసు శాఖలో పెద్ద పదవులు చేసిన ప్రకాశ్ సింగ్, అజిత్ దోవల్ కూడా ఉన్నారు. ఇంత వేర్వేరు దార్లవాళ్లు కూర్చుని 2008లో ఇచ్చిన నివేదికలో భూమి, అడవి, నిర్వాసితులు, అధికారుల తీరు దగ్గరే అశాంతికి వేళ్లున్నాయని రాశారు. పెసాను, అటవీ హక్కుల చట్టాన్ని ఉన్నవి ఉన్నట్టు అమలు చేయమన్నారు. దోవల్ గారు ఇప్పుడు జాతీయ భద్రతా సలహాదారు. ఆ నివేదిక ఎక్కడుందో ఆయన్నడిగినా చెబుతారు.

మేం అడుగుతున్నవి ఇవి.

తిరస్కరించిన ప్రతి పోడు అర్జీకీ కారణం, తేదీ, సంతకంతో తెలుగులో కాగితం ఇవ్వాలి. అవి ఇవ్వనిచోట తిరస్కరణను రద్దుచేసి గ్రామసభలో మళ్లీ విచారించాలి. అది తేలేదాకా చేను పీకడం, కేసు పెట్టడం ఆపాలి.

ఊరుమ్మడి అటవీ హక్కుల పత్రాలు ఏ నెలలో ఏ మండలానికి ఇస్తారో కేలండర్ ప్రకటించాలి.

పోలవరంలో నీళ్లకంటే ముందు డబ్బు, ఇల్లు, భూమి రావాలి. ప్రతి వరదకూ మునిగే ఊరిని కాంటూరు చూడకుండా ముంపు ఊరిగానే లెక్కగట్టాలి.

తీవ్రవాద కేసుల్లో ఉన్న గిరిజనుల జాబితాను ఒక రిటైర్డ్ జడ్జి చేత చూపించి, అన్నం పెట్టాడు, దారి చూపించాడు అనే తరహా కేసులు ఎత్తేయాలి. లొంగిపోయినవాళ్లకు ఇస్తామన్న డబ్బుతోపాటు, వాళ్ల చేతుల్లో నష్టపోయిన కుటుంబాల పరిహారం కూడా అదే రోజున ఇవ్వాలి. ఒకే ఊళ్లో ఒకడికి చెక్కు, ఇంకొకడికి శాపనార్థాలు అయితే ఊరు నిలవదు.

షెడ్యూల్డ్ ప్రాంతాల పాలన మీద గవర్నర్లు రాష్ట్రపతికి పంపాల్సిన నివేదికను ఏటా తెలుగులో బయటపెట్టాలి. ఐదో షెడ్యూల్ ఉన్నది అందుకే.

ప్రతి డిమాండ్‌కూ ఒక అధికారి పేరు, ఒక తేదీ ఉండాలి. దళాల లెక్క రోజూ చూసుకున్నట్టే ఈ లెక్క నెలకోసారి చూడాలి. బలగాలు లోపలికి వెళ్లలేకపోతున్నాయి కాబట్టి అభివృద్ధి ఆగిందని ఇన్నాళ్లూ చెప్పారు. ఇప్పుడు అడవిలో అడ్డు చెప్పేవాళ్లు దాదాపు లేరని మీరే అంటున్నారు. కాబట్టి ఆ సాకు ఇక చెల్లదు.

అన్నీ ఒక్కసారే కాకపోయినా, తిరస్కరించిన పోడు అర్జీల జాబితాల్ని కారణాలతో సహా పంచాయతీ ఆఫీసుల్లో ఏ రోజున అంటిస్తారో ముందు చెప్పండి. జూన్ రెండో వారానికల్లా దుక్కులు మొదలవుతాయి, ఆపైన వాగులు పొంగి చాలా ఊళ్లకు రాకపోకలుండవు. ఆ తేదీ మే నెలాఖరు దాటకుండా చూడండి.

ఇట్లు,
గోదావరి మన్యం సంతల్లో అర్జీలు రాసిపెట్టే ఒక రిటైర్డ్ టీచర్